రాజుగారి కలలో నీలం

మట్టి అంటే గిట్టని రాజు ఒకాయన ఒకానొక రాజ్యాన్ని ఏలుతుండేవాడు. ఆ రాజ్యం పేరు సుధాగిరి, రాజు పేరు ధవళకేతు.

మట్టితో ఆయనకు వైరం పట్టాభిషేకం నాడే వచ్చింది. ఆ ఉదయం వాన కురిసి వెలిసింది. ఊరేగింపు కోట గుమ్మం దగ్గరకు వచ్చేసరికి పల్లకీ మోసే బోయీల్లో ముందువాడు అడుసులో జారాడు. కొత్త కిరీటం, పట్టుబట్టలు, ముత్యాల హారాలు, వాటి లోపల ఉన్న రాజు, అన్నీ కలిసి బురదలో బోర్లా పడ్డాయి. భయం కొద్దీ జనంలో ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే అంతటితో పోయేది. బయటికి రాని ఆ నవ్వు రాజు చెవుల్లో ఏళ్ళ తరబడి మోగుతూనే ఉంది.

మర్నాడే శాసనం పుట్టింది. కోట లోపల నేలంతా చలువరాయి పరిచారు. కుండలు, కూజాలు, ప్రమిదలు బయటికి పోయి, వెండి పాత్రలు, కంచు పాత్రలు లోపలికి వచ్చాయి. ఏ వస్తువు కోటలోకి రావాలన్నా గుమ్మం దగ్గర దాన్ని ఏడు నీళ్ళు కడగాలి. అక్కడొక రాతిపలక నిలబెట్టి దాని మీద ఇలా చెక్కించాడు:

‘ఏడు నీళ్ళకు పోయేదంతా మట్టి. అది బయటే ఉండాలి. ఏడు నీళ్ళకూ పోనిది మట్టి కాదు. అది లోపలికి రావచ్చు.’

ఏనుగులకు కాళ్ళు కడిగారు. కూరగాయలకు ఒళ్ళు కడిగారు. చేమదుంపల దగ్గర మాత్రం గుమ్మం భటులు చేతులెత్తేశారు. ఎన్ని నీళ్ళు పోసినా వాటి పీచులోంచి మట్టి వస్తూనే ఉండేది. దాంతో చేమదుంపలకు దేశబహిష్కారం పడింది. చేమదుంపల పులుసంటే పడిచచ్చే రాజు, పంతం కొద్దీ ఆ రోజు నుంచి దాని పేరెత్తలేదు.

అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. తొమ్మిదేళ్ళూ రాజు పాదం నేలకు తగల్లేదు. ఆయన బయటికి వెళ్ళాలంటే ముందు తివాచీలు నడిచేవి, వెనక రాజు నడిచేవాడు.

అలాంటి రాజుకు ఒక కల రావడం మొదలైంది.

కోడి కూసే వేళకు వచ్చేది ఆ కల. అందులో మనుషులు లేరు, కథ లేదు. ఒక నీలం ఉంది, అంతే. కళ్ళకు మరీ దగ్గరగా, కనురెప్పలు తగిలేంత దగ్గరగా ఒక నీలం. రాజు దాన్ని చూస్తూ ఉండేవాడు. చూస్తూ చూస్తూ కలలోనే మళ్ళీ హాయిగా నిద్రపోయేవాడు. మెలకువ వచ్చేసరికి దిండు తడిసి ఉండేది. ఎందుకు ఏడ్చాడో రాజుకే తెలిసేది కాదు.

కల రాని రోజున ఆయనకు దేని మీదా మనసు నిలిచేది కాదు. చివరికి ఆ రంగును కళ్ళు తెరిచి కూడా చూసుకోవాలనిపించింది. కోటలో తూర్పువైపున ఒక మందిరం కట్టించి, దానికి స్వప్నమందిరమని పేరు పెట్టి, ఆస్థాన పండితుణ్ణి పిలిపించాడు.

ఆ పండితుడికి వర్ణవిద్యావాచస్పతి అని బిరుదు. అసలు పేరు ఆయన కూడా మరిచిపోయి చాలాకాలమైంది. లోకంలోని రంగులన్నీ తన ఉత్తరీయం కొంగున ముడివేసుకున్నట్టు మాట్లాడేవాడు. చేతికి మాత్రం ఏనాడూ చుక్క రంగు అంటనివ్వలేదు.

“మహారాజా, అది ఇంద్రసభ గోడల నీలం. రత్నాలతోనో పువ్వులతోనో తప్ప సాధ్యం కాదు” అన్నాడు వాచస్పతి.

మొదట రాజావర్తమనే నీలిరాయి తెప్పించి, నూరించి, పూయించాడు. రాజు చూసి, “ఇది కళ్ళకు గుచ్చుకుంటోంది. నా నీలం మెత్తన” అన్నాడు. తరువాత బండ్ల కొద్దీ శంఖుపూలు తెప్పించి రసం తీయించాడు. మొదటిరోజు గోడను చూసి అంతఃపురమంతా ఆహా అంది. మూడోరోజుకు అది ఎండకు వెలిసి, ఉతికి ఉతికి పాడైన పాతగుడ్డలా తయారైంది.

ఇక లాభం లేదని పండితుడు రంగులవాడ నుంచి నీలిమందు తెప్పించాడు.

రంగులవాడ కోటకు క్రోసెడు దూరంలో, పాలవాగు ఒడ్డున ఉంది. అక్కడ ముప్పై గడపలు, అందరూ బట్టలకు రంగులు వేసేవాళ్ళే. నీలిచెట్ల ఆకు తొట్లలో నానబెట్టి నీలిమందు తీస్తారు. చిరివేరుతో ఎరుపు, మోదుగపూలతో పసుపు చేస్తారు. వాగు పక్కనే తెల్లసుద్ద గట్టు ఒకటుంది. వానాకాలంలో ఆ సుద్ద కరిగి వాగు పాలలా పారుతుంది.

వాచస్పతి ఆ నీలిమందును తుమ్మజిగురుతో కలిపించి గోడంతా పూయించాడు. చూపుకు రంగు దివ్యంగా కుదిరింది. రాజు ఆత్రం పట్టలేక, కలలో లాగే గోడకు చెంప ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. ఆ హాయి రాలేదు. నిట్టూర్చి సభకు వెళ్ళి సింహాసనం మీద కూర్చున్నాడు.

ఆ రోజు సభలో అందరూ నేలచూపులు చూశారు. ఏమడిగినా “చిత్తం” అంటున్నారే గాని ఎవరూ తలెత్తరు. తన తేజస్సుకు తట్టుకోలేకపోతున్నారనుకుని రాజు మీసం మెలేశాడు. పొరుగు దేశపు రాయబారి వచ్చాడు, నమస్కరించాడు, తలెత్తి చూశాడు, ఉన్నట్టుండి దగ్గు తెచ్చుకుని బయటికి పరుగెత్తాడు. సాయంత్రం అద్దం ముందు నిలబడితే గాని రాజుకు అసలు సంగతి తెలియలేదు. ఆయన ఎడమ చెంప కణత నుంచి గడ్డం దాకా నీలంగా ఉంది.

అంతమంది మంత్రులు, సామంతులు, బంధువులు ఉన్న సభలో, ‘అయ్యా, తమ చెంపకు రంగంటింది’ అని చెప్పే మనిషి ఒక్కడు లేకపోయాడు. నాకైతే ఆ రాజు మీద కోపం రాదు, జాలే వేస్తుంది.

వాచస్పతికి మాత్రం ప్రాణం మీదికి వచ్చింది. “మహారాజా, నా శాస్త్రంలో దోషం లేదు. రంగులవాడ వాళ్ళు నీలిమందులో సుద్దమట్టి కలిపారు. ఆ మట్టి వల్లే రంగు ఊడివచ్చింది” అన్నాడు.

మట్టి అన్న మాట చెవిన పడ్డాక రాజు ఇంకేమీ వినలేదు.

“పదిహేను రోజుల్లో రంగులవాడ ఖాళీ కావాలి! ఇళ్ళన్నీ కూల్చండి. ఆ సుద్దగట్టును బండరాళ్ళతో కప్పేయండి. ఇక మీదట అక్కడ ఒక్క తొట్టి కనిపించకూడదు!” అని ఆజ్ఞాపించాడు.

ముసలి మంత్రి బొల్లనామాత్యుడు ఏదో చెప్పబోయాడు. రాజు చూపు చూసి, ఉత్తరీయం సవరించుకుని ఊరుకున్నాడు.

ఆ కబురు రంగులవాడకు చేరిన పూట ఒక్క పొయ్యీ వెలగలేదు. ఎక్కడికి వెళ్ళినా ఆ నీళ్ళు దొరకవు, ఆ సుద్ద దొరకదు. తాతల నాటి తొట్లను నెత్తిన పెట్టుకుని పోలేరు గదా! ఆడా మగా తొట్ల గట్ల మీద కూర్చుని ఏడ్చారు.

మాచక్క ఒక్కతే ఏడవలేదు. ఆమె నలభైకి దగ్గరపడిన మనిషి. చేతులు మోచేతుల దాకా నీలం. మాటకు మాట అప్పటికప్పుడే ఇచ్చేయడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. “ఏడవడానికి ఇంకా పద్నాలుగు రోజులున్నాయి. ముందు ఆ రాజేమంటాడో విని వస్తాను” అని ఉతికిన చీర కట్టుకుని కోటకు బయలుదేరింది.

గుమ్మం దగ్గర భటులు ఆమె కాళ్ళు కడిగారు. చేతులు కడిగారు. ఒక నీళ్ళు, రెండు నీళ్ళు, ఏడు నీళ్ళూ అయ్యాయి. చేతుల నీలం మాత్రం పోలేదు. భటులు ముఖాలు చూసుకున్నారు.

“ఆ పలక మీద ఏం చెక్కి ఉంది, నాయనా?” అని అడిగింది మాచక్క.

భటుడు చదివి వినిపించాడు. ఆమె మళ్ళీ చదివించుకుని, ఒక్కో మాటా మనసులో పెట్టుకుంది.

“ఐతే నా చేతులకున్నది మట్టి కాదన్నమాట. లోపలికి పోనా మరి?” అంది. భటులు పక్కకు తప్పుకున్నారు.

సభలో ఆమె రాజుకు దండం పెట్టి, “మహాప్రభూ, తమ చెంపకంటిన నీలిమందులో మేం సుద్ద కలిపామన్నారట. ఒక్క రవ్వ కలపలేదు” అంది.

రాజు ఎదుట చెంప మాట ఎత్తిన మొదటి మనిషి ఆమే.

“అయితే ఎందుకు ఊడింది?” అన్నాడు రాజు.

“అది మాటలతో చెబితే నమ్మరు. తమ కలలో రంగు నేను చేసి తెస్తాను. అది చూశాక నేనే చెబుతాను.”

వాచస్పతి పకపకా నవ్వాడు. “నా శాస్త్రానికి లొంగని రంగు, బట్టలద్దుకునే నీకు లొంగుతుందా?”

“తమరు రంగుల గురించి చదివారు, పంతులుగారూ. నేను రంగుల్లో మునిగాను” అని మాచక్క రెండు చేతులూ చాపి చూపించింది. “ఇప్పుడే గుమ్మంలో ఏడు నీళ్ళు కడిగారు.”

రాజుకు ఆ చేతులు చూస్తే ఎందుకో కోపం సగం దిగింది. “సరే. తెచ్చావా, నీ వాడ నీకుంటుంది. తేలేకపోయావా, పదిహేనోనాడు మొదట కూలేది నీ ఇల్లే. ఒక్కమాట గుర్తుంచుకో. కోటలోకి మట్టి రాకూడదు!”

“పలక మీదున్న శాసనానికి నేను కట్టుబడి ఉంటాను, ప్రభూ. తమరు కూడా ఉంటారా?”

“మేము చెక్కించిన మాటకు మేమే కట్టుబడమా? ఎంత మాట!”

“ఐతే ఆ కల తమ నోట వినాలి. కంటితో చూడని రంగు నేనెలా కలిపేది?”

ఆ కల సంగతి పూర్తిగా రాజు ఎవరికీ చెప్పి ఉండలేదు. పండితుడు కూడా రంగు గురించే అడిగాడు గాని కల గురించి అడగలేదు. మెల్లిగా మొదలుపెట్టాడు.

“మాకు ఒక నీలం కనిపిస్తుంది. ఆకాశం నీలం కాదు, నెమలికంఠం నీలమూ కాదు. కాస్త పచ్చదనం కలిసినట్టుంటుంది. వెడల్పు ఎక్కువ లేదు. ఇటు నుంచి అటు వాగులా పోతూ ఉంటుంది. ఒళ్ళంతా కాలిపోతున్నట్టుంటే నేను దానికి చెంప ఆనిస్తాను. చల్లగా ఉంటుంది. ఆ చల్లదనం చెంపలోంచి దిగి, కళ్ళలోకి వచ్చి, అరికాళ్ళ దాకా పోతుంది. దూరంగా ఎక్కడో చప్పుడు. దబ్... దబ్... దబ్... అని. ఆ చప్పుడు ఆగకుండా ఉంటే బాగుండుననిపిస్తుంది. అది ఉన్నంతసేపూ ఎవరో నా దగ్గర ఉన్నట్టే ఉంటుంది.”

మేము అనడం మాని ఎప్పుడు నేను అనడం మొదలుపెట్టాడో రాజు గమనించుకోలేదు. సభ గమనించింది.

“దేవదుందుభులు!” అన్నాడు వాచస్పతి.

మాచక్క అటు చూడను కూడా లేదు. “ఏ చెంప, ప్రభూ?” అంది.

“ఎడమ చెంప.”

“వాసన ఏమైనా వస్తుందా?”

రాజు కళ్ళు మూసుకున్నాడు. “వస్తుంది. మంచి వాసన. అదీ...” అంటూ ఏదో గుర్తుకొచ్చినట్టు చటుక్కున ఆగిపోయాడు. ముఖం గంటుపెట్టుకుని, “ఏదో వాసన!” అన్నాడు.

మాచక్క రాజు ముఖంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది. తరువాత ముసలి మంత్రి వైపు చూసింది. బొల్లనామాత్యుడు తల దించుకున్నాడు. ఆమె కళ్ళు తడి అయ్యాయి. కొంగుతో తుడుచుకుని, “తెలిసింది, ప్రభూ. పన్నెండోనాడు వస్తాను” అని వెళ్ళిపోయింది.

రంగులవాడలో అందరికీ తెలిసిన పని ఒకటుంది. శాస్త్రాల్లో లేదు, ఎవరూ దాన్ని గొప్పగా చెప్పుకోరు కూడా. నీలితొట్టి అడుగున మడ్డి మిగులుతుంది. దాన్ని పారబొయ్యడానికి వాళ్ళకు చేతులు రావు. గట్టు నుంచి తెల్లసుద్ద తెచ్చి, నానబెట్టి, గుడ్డలో వడగట్టి, చేతికి వెన్నలా తగిలే మెత్తటి సుద్ద మాత్రం తీస్తారు. అందులో మడ్డి పోసి పిసుకుతారు. ఎంతసేపు? పిసికేవాళ్ళకు రంగేదో సుద్దేదో తెలియకుండా పోయేంతసేపు. బిళ్ళలు చేసి నీడన ఆరబెడతారు. మూకుడు మూసిన కుండలో పెట్టి, ఊకపొయ్యి మీద సన్నని సెగన ఒక పగలూ రేయీ ఉంచుతారు. మంట పెరిగితే నీలం మాడుతుంది. తగ్గితే నిలవదు. సెగ సరిగ్గా కుదిరితే, కుండ తీసేసరికి ముదురు నీలం కాస్తా లేతబడి, అందులోకి ఒక పచ్చదనం వచ్చి చేరుతుంది. అప్పటి నుంచి ఆ రెండింటినీ ఎండ విడదీయలేదు, వాన విడదీయలేదు.

మాచక్క ఆ పనే చేసింది. చేస్తున్నంతసేపూ వాడంతా ఆమె చుట్టూ మూగి ఉంది. “ఇది మన ఇళ్ళలో పూసుకునేదే గదమ్మా! దీన్ని రాజుకు ఇస్తావా?” అని ఒక ముసలమ్మ భయపడింది. మాచక్క ఊక ఎగదోస్తూ, “అడిగింది ఇదే, పెద్దమ్మా” అంది.

పన్నెండోనాడు బిళ్ళలు బుట్టలో పెట్టుకుని కోటకు వచ్చింది. గుమ్మం దగ్గర భటులు ఒక్కో బిళ్ళనూ రుద్ది రుద్ది కడిగారు. ఏడో నీళ్ళు కూడా కొబ్బరినీళ్ళలా తేటగా ఉన్నాయి. “మట్టి లేదు” అని పెద్దభటుడు కేకవేశాడు.

వాచస్పతికి అది చాలలేదు. బిళ్ళ ఒకటి నూరించి నిమ్మరసంలో వేయించాడు. నూనెలో, బూడిదనీళ్ళలో వేయించాడు. రంగు దేనికీ చలించలేదు. ఇది తనకు తెలియదని చెప్పడం ఆయనకు చేతకాని పని. అందుకని సభలో నిలబడి గొంతు సవరించుకుని, “మహారాజా, ఇది అపూర్వమైన రత్నచూర్ణం. ఇంద్రనీలం మూడు పాళ్ళు, ముత్యం ఒక పాలు, వజ్రం చిటికెడు. నా గ్రంథంలో నేనెప్పుడో రాశాను” అన్నాడు.

మాచక్క విని, “పంతులుగారంతటివారు చెప్పాక నేను చెప్పేదేముంది?” అని ఊరుకుంది.

రెండు రోజులు ఆమె ఒక్కతే స్వప్నమందిరంలో తలుపులు మూసుకుని పని చేసింది. పదిహేనోనాటి ఉదయం తలుపులు తెరిచింది. అదే ఉదయం, గునపాలు పట్టుకున్న మనుషులు రంగులవాడ పొలిమేరలో రాజాజ్ఞ కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉన్నారు.

రాజు సభతో సహా వచ్చాడు. మాచక్క మందిరం గోడలన్నిటికీ రంగు పూయలేదు. తెల్లటి గోడ మీద ఒక్క పట్టీ వేసింది, అంతే. నేల నుంచి మూరెడెత్తున, బెత్తెడు వెడల్పున, ఇటు నుంచి అటు వాగులా పోతోంది. తూర్పు కిటికీ వెలుతురు దాని మీద పడి, పచ్చదనం కలిసిన ఆ నీలం మెల్లిగా ఊపిరి తీస్తున్నట్టుంది.

రాజు కిరీటం తీసి పక్కనున్నవాడి చేతికిచ్చాడు. చలువరాతి నేల మీద, అందరూ చూస్తుండగా, చిన్నపిల్లాడిలా ఒత్తిగిలి పడుకుని ఎడమ చెంప గోడకు ఆనించాడు.

ఎంతసేపైందో ఎవరికీ తెలియదు. కిటికీలోంచి వచ్చే ఎండ జానెడు జరిగింది. 

రాజు లేచి కూర్చున్నాడు. అందరి కళ్ళూ ఆయన చెంప మీదే. చెంపకు చుక్క రంగు లేదు.

“ఇదే. ఇదే నా నీలం” అన్నాడు రాజు. “చల్లదనం కూడా అదే. వాసన ఒక్కటే రాలేదు. పోనీలే. దీన్ని ఏ రత్నాలతో చేశావో చెప్పు.”

“రత్నాలు పంతులుగారు వేశారు గాని, నేను వెయ్యలేదు, ప్రభూ. నీలితొట్టి అడుగు మడ్డి, పాలవాగు సుద్దమట్టి. వేసింది ఈ రెండే.”

వాచస్పతి ముఖం శంఖుపూల గోడలా వెలిసిపోయింది. రాజు ముఖం ఎర్రబడింది.

“మట్టా! నా స్వప్నమందిరంలో మట్టి! నేను చెంప ఆనించింది మట్టికా!”

“తమ శాసనం ప్రకారం కాదు, ప్రభూ. ఏడు నీళ్ళకూ పోనిది మట్టి కాదని తమరే చెక్కించారు. తమ భటులు కడిగారు. పంతులుగారు పరీక్ష చేశారు. నేను మాట తప్పలేదు. ఆనాడు తమ చెంపకు రంగెందుకు అంటిందో ఇప్పుడు చెబుతాను. అందులో సుద్ద కలవకపోబట్టే అంటింది. నీలి ఒంటరిగా గోడ మీద నిలవలేదు. దగ్గరకు వచ్చినవాళ్ళను పట్టుకుని వేలాడుతుంది. సుద్దతో కలిసి సెగ తగిలితే ఇక ఎవరి జోలికీ పోదు.”

“ఆ భటులు పనికిమాలినవాళ్ళు!” అని అరిచాడు రాజు. “నీళ్ళు తెండి! నేనే కడుగుతాను. ఏడు నీళ్ళకు ఎలా పోదో చూస్తాను. పోయిందా, నీ వాడ ఈ పూటే నేలమట్టం!”

వెండి బిందెలతో నీళ్ళు వచ్చాయి. రాజు పట్టు ఉత్తరీయాన్నే గుడ్డగా చేసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

మొదటి నీళ్ళు గోడ మీద కొట్టి కసిగా రుద్దాడు. పోలేదు. రెండో నీళ్ళు ఇంకా కసిగా రుద్దాడు. పోలేదు. మూడో నీళ్ళు పడ్డాయి. తడిసిన సుద్దలోంచి మెల్లిగా ఒక వాసన లేచింది.

రాజు చెయ్యి ఆగింది.

అది తొలకరి వాసన. ఎండి ఎండి ఉన్న నేల మీద మొదటి చినుకు పడినప్పుడు వచ్చే వాసన. తొమ్మిదేళ్ళుగా ఆ కోటలోకి రాని వాసన.

నాలుగో నీళ్ళు రాజు నెమ్మదిగా పోశాడు. ఐదో నీళ్ళకు గుడ్డ పక్కన పెట్టి, అరచేత్తో రాశాడు. ఆరో నీళ్ళు పోసి, గోడకు ముక్కు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఏడో నీళ్ళు పోసేటప్పుడు ఆయన కడగడం లేదు. పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టు పోస్తున్నాడు. ఉత్తరీయం తెల్లగానే ఉంది. గోడ నీలంగానే ఉంది.

“ఇది నీకెలా తెలిసింది?” అని అడిగాడు రాజు.

“మా వాడలో ప్రతి ఇంట్లోనూ ఇలాంటి పట్టీ ఉంటుంది, ప్రభూ. పక్క వేసే చోట, పడుకున్న పిల్లల చెంప తగిలే ఎత్తున వేస్తాం. పిల్లలకు పీడకలలు రావని మా నమ్మకం. నాకు పదేళ్ళున్నప్పుడు ఒక వానాకాలం మా ఇంటికి మూడేళ్ళ పిల్లాడొకడు వచ్చాడు. దూరపు చుట్టాల బిడ్డ అని మా అమ్మ చెప్పింది. వచ్చిన నాలుగోనాడే ఒళ్ళు తెలియని జ్వరం. ఎత్తుకుంటే ఏడ్చేవాడు, దించితే ఏడ్చేవాడు. ఎడమ చెంప ఆ పట్టీకి ఆనిస్తే మాత్రం ఊరుకునేవాడు. వానలు వెనకబట్టాక ఎవరో పెద్దమనిషి వచ్చి తీసుకుపోయారు. వాడి పేరు కూడా మాకు చెప్పలేదు. ఆ పెద్దమనిషిని మళ్ళీ తమ సభలోనే చూశాను.”

రాజు మంత్రి వైపు చూశాడు.

బొల్లనామాత్యుడు ముందుకు వచ్చి తలవంచాడు. “శత్రువులు కోటను ముట్టడించినప్పుడు తమ తండ్రిగారి ఆజ్ఞ మీద నేనే తమను దుప్పట్లో చుట్టి అక్కడ దాచాను, మహారాజా. రాజబిడ్డ మట్టింట్లో పెరిగాడని ఎవరికీ తెలియకూడదన్నారు. తరువాత తమకు చెబుదామంటే, మట్టి పేరెత్తే ధైర్యం నాకు లేకపోయింది.”

“ఆ ఇల్లు ఇప్పుడుందా?” అన్నాడు రాజు.

“ఉంది, ప్రభూ. పదిహేనోనాడు మొదట కూలేది అదేనని తమరే అన్నారు” అంది మాచక్క. “గునపాలవాళ్ళు తెల్లారి నుంచీ వాడ పొలిమేరలో నిలబడి ఉన్నారట.”

“వెళ్ళండి! గుర్రాల మీద వెళ్ళండి! ఒక్క పెంకు కదిలినా ఊరుకోను!” అని రాజు కేకపెట్టాడు. నలుగురు రౌతులు పరుగు తీశారు.

రాజు గోడ వైపు చూశాడు, తడిసి ముద్దయిన తన పట్టుబట్టల వైపు చూసుకున్నాడు. వాచస్పతి వైపు తిరిగి, “వజ్రం ఎంతన్నావు? చిటికెడా?” అని అడిగాడు.

వాచస్పతి ఉత్తరీయం కొంగు వేలికి చుట్టుకున్నాడు.

రాజుకు నవ్వొచ్చింది. మొదట ముసిముసిగా వచ్చింది, తరువాత పొట్ట పట్టుకునేంతగా వచ్చింది. పల్లకీ పడిన నాటి నుంచి చెవుల్లో చిక్కుకుని ఉన్న నవ్వంతా ఆ రోజు బయటికి వచ్చేసింది. రాజు నవ్వాడు గనుక సభ కూడా నవ్వింది. వాచస్పతి కూడా కొంచెం నవ్వి చూశాడు గాని కుదరలేదు. రాబోయే వానాకాలమంతా నీలితొట్టి కలపాలనీ, చేతులు మోచేతుల దాకా నీలమయ్యాకే మళ్ళీ పండితుడి పీట ఎక్కాలనీ రాజు ఆయనకు ఆజ్ఞ వేశాడు.

తన మెడలోని ముత్యాలహారం తీసి మాచక్క మెడలో వేశాడు. వాగు, గట్టు, వాడ, ముప్పై గడపలూ తరతరాలకూ వాళ్ళవేనని గుమ్మం పలక మీద పాత శాసనం చెక్కేసి కొత్తది రాయించాడు. “ఇంకా ఏం కావాలో కోరుకో” అన్నాడు.

“కోరడం కాదు, ప్రభూ. ఒక బాకీ మిగిలింది” అంది మాచక్క. “రంగు తెచ్చాను, వాసన తెచ్చాను. ఆ చప్పుడు ఒక్కటి మోసుకురాలేకపోయాను. దానికి తమరే రావాలి.”

మర్నాడు రాజు రంగులవాడకు బయలుదేరాడు. తివాచీలు పాలవాగు దాకా వచ్చి అయిపోయాయి. అంతకుముందే ఒక చినుకు పడి ఒడ్డంతా తెల్లటి అడుసుగా ఉంది. సేవకులు కంగారుపడ్డారు. రాజు పాదుకలు విడిచి అడుగు వేశాడు. మడమ దాకా దిగబడింది. రెండో అడుగు వేశాడు. వేళ్ళ సందుల్లోంచి సుద్ద చల్లగా పైకి వచ్చింది. ఎవరైనా నవ్వుతారేమోనని చుట్టూ చూశాడు. వాడ పిల్లలు గట్టిగానే నవ్వారు. ఆయనకు బాధ కలగలేదు.

మాచక్క ఇంట్లో వెనకగదిలో, మూరెడెత్తున, ఆ పట్టీ అలాగే ఉంది. అప్పటికి ఇరవై ఏడు వానాకాలాలు పోయాయి. నీలం ఆవగింజంత కూడా తగ్గలేదు. రాజు చాప మీద పడుకుని ఎడమ చెంప ఆనించాడు. బయట వాగు దగ్గర ఆడవాళ్ళు రంగు వేసిన బట్టలు రాళ్ళ మీద ఉతుకుతున్నారు. దబ్... దబ్... దబ్...

మిట్టమధ్యాహ్నం రాజు నిద్రపోయాడు. ఆ నిద్రలో కల రాలేదు. లేచేసరికి దిండు పొడిగా ఉంది, ఇంటి నిండా చేమదుంపల పులుసు వాసన నిండి ఉంది.

రాజు కళ్ళు నులుముకుంటూ వసారాలోకి వచ్చాడు. మంత్రులూ సామంతులూ ఒక్కసారిగా నేలచూపులు చూశారు. పట్టీకి పైన గోడకు పూసిన వట్టి సుద్ద ఆయన కణత నుంచి గడ్డం దాకా తెల్లగా అంటుకుని ఉంది.

విస్తరి వేస్తున్న మాచక్క తలెత్తి చూసింది. “ప్రభూ, ఎడమ చెంపకు సుద్దంటింది. ఒక్క నీటికి పోతుంది, చెంబు తెమ్మంటారా?” అంది.

రాజు చెంప తడుముకుని, విస్తరి ముందు బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

“ఉండనీలే, అక్కా” అన్నాడు.